క్యారేజీ లెక్కలో తప్పిపోయిన పద్దు

మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచి తీసుకెళ్తే డబ్బు మిగులుతుందని మనందరికీ తెలుసు. ఎంత మిగులుతుంది, మిగిలింది ఎక్కడికి పోతుంది, దాని కోసం ఇంట్లో ఎవరు ఏం వదులుకుంటున్నారు అనే మూడు ప్రశ్నల్లో నేను మొదటిదే వేసుకున్నాను. ఇతరుల ప్రాజెక్టు రిపోర్టుల్లో తప్పులు పట్టే ఉద్యోగం నాది. అయినా నా సొంత క్యారేజీ మీద వేసుకున్న లెక్కలో రెండు పెద్ద తప్పులు దొర్లాయి. వాటిని పట్టింది మా ఆవిడ. మన పత్రిక చదివే ఇళ్లల్లో చాలాచోట్ల పొద్దున్నే రెండో మూడో బాక్సులు సర్దుతూనే ఉంటారు. వారికి పనికొస్తుందని ఆ లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

మెస్‌లో గడిచిన పది నెలలు

విజయవాడ నుంచి పుదుచ్చేరికి నా బదిలీ ఉత్తర్వు వచ్చేసరికి పిల్లల బళ్లు తెరిచి నెల దాటింది. ఫీజులు కట్టేశాం, పుస్తకాలు కొనేశాం. అందుకని ఆ విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా వాళ్లు అక్కడ, నేను ఇక్కడ. లాస్‌పేటలో ఒక గది, మధ్యాహ్నం మెస్, రాత్రి ఇడ్లీయో దోసెయో.

పుదుచ్చేరిలో మధ్యాహ్నానికి ఒక ప్రత్యేకత ఉంది. నెహ్రూ వీధి, మిషన్ వీధి వైపు చాలా దుకాణాలు ఒంటి గంట ప్రాంతంలో షట్టర్లు దించితే మళ్లీ నాలుగింటికో ఆ తర్వాతో ఎత్తుతాయి. ఫ్రెంచి కాలం నాటి అలవాటని ఊళ్లో వాళ్లు చెబుతారు. షట్టరు దించిన వ్యాపారి భోజనానికి ఇంటికి వెళ్తూ దారిలో మా కౌంటరు దగ్గర ఆగుతాడు. అంటే ఊరంతా అన్నం తినే వేళకి మా బ్రాంచిలో రద్దీ. నేను మెస్‌కి చేరేసరికి రెండున్నర అయ్యేది. అప్పటికి కూటు అయిపోయేది, పొరియల్ గిన్నె అడుగంటేది.

ఇక్కడి భోజనానికి వంక పెట్టలేను. సాంబారు, వత్తకుళంబు, రసం, మజ్జిగ, అప్పడం అన్నీ బాగుంటాయి. కానీ ముద్దపప్పు మీద, గోంగూర పచ్చడి మీద బెంగ మాత్రం పోలేదు. ఈ బెంగ సంగతి తర్వాత లెక్కలోకి వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

నేను తినే చోట పరిమిత భోజనం 110 రూపాయలు. వారంలో ఒకటి రెండు రోజులు బయటికి వెళ్లే తీరిక లేక యాప్‌లో తెప్పించుకునేవాళ్లం. దానికి భోజనం ధరతో పాటు ప్యాకింగ్, డెలివరీ, పన్ను కలిసేవి. మూడు నెలల యూపీఐ చెల్లింపులు తీసి కూడి, తిన్న రోజులతో భాగిస్తే సగటున రోజుకు 125 రూపాయలు తేలింది. సెలవులు, రెండో నాలుగో శనివారాలు పోగా నెలకు 22 పని దినాలు వేసుకుంటే 2,750 రూపాయలు.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. కేంద్ర గణాంక శాఖ 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో ఒక మనిషి సగటు నెల ఖర్చు 6,996 రూపాయలు. అందులో సుమారు 11 శాతం పానీయాలు, ఉపాహారాలు, తయారుచేసిన ఆహారం మీదే పోతోంది. ఆహారానికి సంబంధించిన పద్దులన్నిటిలోనూ ఇదే పెద్దది. పాలకంటే, కూరగాయలకంటే, బియ్యంకంటే ఎక్కువ.

ఆ 110 రూపాయల్లో ఏముంది?

ఆ రోజుల్లోనే ఒక మెస్ యజమానురాలి ముద్రా రుణ ప్రతిపాదన నా బల్ల మీదికి వచ్చింది. ఖాతాదారు వివరాలు గోప్యం కనుక పేరూ చోటూ చెప్పను. లెక్క మాత్రం అందరికీ పనికొచ్చేదే. విస్తరికి తీసుకునే డబ్బులో బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె లాంటి సరుకుల వాటా నలభై శాతం లోపే ఉంది. మిగిలినదంతా అద్దె, కూలీలు, గ్యాసు, కరెంటు, అరిటాకు, సాయంత్రానికి మిగిలిపోయి పారబోసే అన్నం, ఆపైన ఆమె లాభం.

కాగితాలు చూస్తూ ఒక ప్రశ్న అడిగాను. “అక్కా, ఇందులో మీ జీతం ఎక్కడ వేశారు?”

ఆమె నవ్వింది. “నాకు జీతమేంటి సార్, నా షాపే కదా!”

తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ముట్టించేది మీరే కదా, మీకు జ్వరమొస్తే ఆ పనికి ఒక వంట మాస్టరును పెట్టుకోవాలి కదా, అతనికి రోజుకు ఎంతిస్తారో అంత మీ పేరు మీద ఖర్చు రాసుకోండి, అప్పుడే మీ లాభం అసలు లాభమా కాదా తెలుస్తుంది అని ఐదు నిమిషాలు పాఠం చెప్పాను. అంకెలు మార్చాక లాభం తగ్గింది గానీ, ప్రతిపాదన నిలబడింది, రుణం మంజూరైంది. ఆ రోజు బాగా పని చేశానని నాకు అనిపించింది.

ఇంటి క్యారేజీ ఖర్చు ఎంత?

మే నెలలో కుటుంబం వచ్చింది. లాస్‌పేటలోనే చిన్న ఇల్లు తీసుకున్నాం. పెద్దమ్మాయికి తొమ్మిదో తరగతి, బాబుకి ఐదు. ఇద్దరికీ బాక్సులు ఎలాగూ కట్టాలి. “నాకూ ఒకటి కట్టెయ్యి, మెస్ మానేస్తాను” అన్నాను. స్టీలు క్యారేజీ కొన్నాం. నాలుగు గిన్నెలది. పప్పుకొకటి, కూరకొకటి, చారుకొకటి, పెరుగన్నానికొకటి. పది నెలల బెంగ అంతా ఆ నాలుగు గిన్నెల్లోకి దిగింది.

ఎంబీఏలో మార్జినల్ కాస్ట్ అని చదువుకున్నాం. తెలుగులో ఉపాంత వ్యయం. ఇంట్లో పొయ్యి ఎలాగూ వెలుగుతోంది, అద్దె ఎలాగూ కడుతున్నాం. కాబట్టి నా ఒక్క బాక్సు కోసం అదనంగా అయ్యే ఖర్చే లెక్కలోకి రావాలి. నెహ్రూ వీధిని ఆనుకుని ఉన్న గుబేర్ మార్కెట్‌లో (ఇక్కడి వాళ్లకి అది పెరియ మార్కెట్) మేం కొనే ధరలతో ఒక రోజు క్యారేజీకి ఇలా తేలింది:

బియ్యం 120 గ్రాములు – రూ. 7.20
కందిపప్పు 30 గ్రాములు – రూ. 4.50
కూరగాయలు 125 గ్రాములు – రూ. 6.25
పాన్‌లే పాలతో తోడు పెట్టిన పెరుగు 100 గ్రాములు – రూ. 7.00
నూనె – రూ. 2.00
పోపు, ఉప్పు, కారం, చింతపండు – రూ. 3.00
గ్యాసు – రూ. 4.00
అరటిపండో, ఉడికించిన గుడ్డో – రూ. 6.00

మొత్తం రూ. 39.95. నలభై అనుకుందాం. మెస్‌కి పెట్టే 125లో నలభై తీసేస్తే రోజుకు 85 రూపాయలు మిగులు.

నెలకు 22 రోజులనుకున్నా, క్యారేజీ పట్టుకెళ్లింది సగటున 18 రోజులే. మిగతా రోజుల్లో తనిఖీ పనులు, మీటింగులు, పెళ్లిళ్లు, ఎవరో ఒకరి పదోన్నతి విందు. పొదుపు లెక్కల్లో ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు. ప్రతి రోజూ పాటిస్తామని వేసుకుంటారు, కుదరని రోజుల్ని మరిచిపోతారు. 18 రోజులకు నెలకు 1,530, పన్నెండు నెలలకు 18,360 రూపాయలు.

ఏడాది పూర్తయిన ఆదివారం ఎక్సెల్ షీటు తెరిచి ఇంట్లో అందరికీ చూపించాను. పెద్దమ్మాయి చప్పట్లు కొట్టింది. మా ఆవిడ షీటు మొత్తం కిందికీ పైకీ ఒకసారి చూసింది. చూసి రెండు ప్రశ్నలు అడిగింది.

మొదటి ప్రశ్న: ఆ డబ్బు ఎక్కడుంది?

“పద్దెనిమిది వేలు మిగిలాయన్నారు కదా, ఏ ఖాతాలో ఉన్నాయి?” అంది.

ఏ ఖాతాలోనూ లేవు. జీతం ఖాతా స్టేట్‌మెంట్ తీశాను. గత సంవత్సరం మే చివరన ఉన్న నిల్వకీ, ఈ సంవత్సరం మే చివరన ఉన్న నిల్వకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మెస్ చెల్లింపులు నిజంగానే ఆగిపోయాయి. కానీ వాటి స్థానంలో సాయంత్రం కాఫీ, బజ్జీలు వచ్చాయి. ఆదివారం బీచ్ రోడ్డుకి వెళ్లినప్పుడు “ఎలాగూ వారమంతా పొదుపు చేశాం కదా” అంటూ చేసిన ఖర్చులు వచ్చాయి. ఆన్‌లైన్‌లో కొన్న రెండు జతల బూట్లు వచ్చాయి. రోజుకు 85 రూపాయలు మిగిలిన మాట వాస్తవం. మిగిలిన చోటే కరిగిపోయిన మాటా వాస్తవం.

దీని మీద రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త చేసిన కృషికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మెంటల్ అకౌంటింగ్ అంటారు. డబ్బుకి రంగూ రుచీ లేకపోయినా మనిషి దాన్ని మనసులో వేరువేరు డబ్బాల్లో వేసుకుంటాడు. ఇది ఫీజు డబ్బు, ఇది పండగ డబ్బు, ఇది మిగిలిన డబ్బు అని. ఫీజు డబ్బును ముట్టుకోడు. ‘మిగిలిన డబ్బు’ అనే డబ్బాకి మాత్రం మూత ఉండదు. మన బామ్మలకు ఈ సంగతి ఏ బహుమతీ లేకుండానే తెలుసు. అందుకే పోపుల డబ్బాలో ఒక నోటు, బియ్యం డ్రమ్ములో ఒక నోటు విడివిడిగా దాచేవారు.

బ్యాంకులో పనిచేసేవాళ్లకి దీనికి మందు చేతిలోనే ఉంది. జీతం పడిన మర్నాడు 1,500 రూపాయలు దానంతట అదే మా పీపీఎఫ్ ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాను. పీపీఎఫ్‌లో ప్రతి నెలా ఐదో తేదీకీ నెలాఖరుకీ మధ్య ఉన్న కనీస నిల్వ మీద వడ్డీ లెక్కిస్తారు. కాబట్టి ఐదో తేదీలోపు పడితే ఆ నెల వడ్డీ దక్కుతుంది. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అది 7.1 శాతంగా ఉంది. ఇదే రేటు కొనసాగుతుందనుకుంటే, నెలకు 1,500 చొప్పున పదిహేనేళ్లు వేసిన 2 లక్షల 70 వేలు సుమారు 4 లక్షల 73 వేలు అవుతాయి. వడ్డీ మీద పన్ను లేదు. అంతకాలం ఆగలేనివారికి ఏడాది రికరింగ్ డిపాజిట్ ఉంది. పథకం ఏదైనా, మిగిలిన డబ్బు ఖర్చు ఖాతాలోంచి బయటికి వెళ్లిపోవాలి. అలా వెళ్లనిదాన్ని పొదుపు అనకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

రెండో ప్రశ్న: నా గంటన్నర ఏ పద్దు కింద?

మొదటి తప్పు దిద్దుకోవడానికి మొబైల్‌లో ఐదు నిమిషాలు పట్టింది. రెండోది అంత తేలిగ్గా తెమల్లేదు.

“బియ్యం వేశారు, గ్యాసు వేశారు, పోపు గింజలు కూడా వేశారు. పొద్దున్నే ఐదుంబావుకి లేచి ఆరుముప్పావు దాకా పొయ్యి దగ్గరుంటున్నాను. ఆ గంటన్నర ఏ కాలమ్‌లో వేశారు?”

పిల్లల బాక్సులు ఎలాగూ కట్టాలి కదా అన్నాను. ఉపాంత వ్యయం గుర్తుచేశాను. ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. “వాళ్లకి ఏదో ఒక కలిపిన అన్నం, ఒక వేపుడు చాలు. అరగంట పని. ఏడింటికి మొదలుపెట్టినా ఎనిమిదింపావు బస్సుకి అందుతుంది. మీ నాలుగు గిన్నెల కోసమే నేను ఐదుంబావుకి లేస్తున్నాను.”

ఆ తర్వాత ఇంకో మాట అంది. విజయవాడలో ఉన్నప్పుడు ఆమె అపార్టుమెంటు పిల్లలకి లెక్కలు చెప్పేది. ఇక్కడికి వచ్చాక కూడా అందులో ఐదుగురికి పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆన్‌లైన్‌లో పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి నెలకు 800. జూన్ చివరికల్లా మానేసింది. ఊరు మారాక కుదరక మానేసిందని నేను అనుకున్నాను, అడగలేదు. ఆరింటికి పాఠం, ఆరుముప్పావు దాకా పొయ్యి. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

నెలకు 4,000 చొప్పున బడి నడిచే పది నెలలకు 40,000 రూపాయలు. నేను మిగిల్చానని చెప్పుకున్నది 18,360. ఒకటి చేసుకోవడం కోసం మరొకటి వదులుకుంటే, ఆ వదులుకున్నదాని విలువను అవకాశ వ్యయం అంటారని క్లాసులో చదివాను, పరీక్షలో రాశాను. అది మా ఇంట్లోనే, నాకు ఆరడుగుల దూరంలో జరుగుతుంటే గుర్తుపట్టలేదు. ఆ ఐదుగురూ ఏడాదంతా కొనసాగేవారని ఖాయంగా చెప్పలేం. సగమే వచ్చేదనుకున్నా నా పొదుపు ప్రాజెక్టు నష్టంలోనే ఉంది.

“డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ గంట నాకు ఇష్టమైన గంట” అంది చివరికి. దానికి నా షీటులో కాలమ్ లేదు.

మెస్ అక్కకి నేను చెప్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. “మీ జీతం ఎక్కడ వేశారు?” అని ఆమెను అడిగినవాణ్ణి, మా ఇంటి వంటగదిని ఆ ప్రశ్న అడగలేదు.

కంటికి కనిపించే పని, కనిపించని పని

మేనేజ్‌మెంట్ చదివినవాళ్లందరికీ ముంబయి డబ్బావాలాల పాఠం పరిచయమే. 1890లో మహాదేవ్ హావాజీ బచ్చే ఆ సేవను మొదలుపెట్టాడు. ఇంటి భోజనం ఆఫీసుకి తెప్పించుకోవాలనుకున్న ఒక పార్సీ బ్యాంకరు వల్ల ఆ ఆలోచన పుట్టిందని చెబుతారు. అంటే ఈ కథకి మూలం మనలాంటి బ్యాంకు మనిషి ఆకలే. కోవిడ్‌కి ముందు సుమారు 5,000 మంది, రోజుకు దాదాపు 2 లక్షల డబ్బాలను సైకిళ్ల మీద, లోకల్ రైళ్లలో చేరవేసేవారు. 2010లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ దీన్ని కేస్ స్టడీగా ప్రచురించింది. డబ్బా మీద రంగు గుర్తులు, చేతులు మారే తీరు, తప్పులు రాని పద్ధతి అన్నీ మేం గంటల తరబడి చర్చించుకున్నాం. ఆ 2 లక్షల డబ్బాలను తొమ్మిదింటికల్లా వండి గుమ్మంలో పెట్టింది ఎవరు, ఎన్నింటికి లేచారు అని మా క్లాసులో ఒక్కరమూ అడగలేదు. మోసిన పని లెక్కకు వచ్చింది, వండిన పని రాలేదు.

ప్రభుత్వ లెక్క ఈ విషయంలో నా లెక్కకంటే నయం. పుదుచ్చేరిలో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం ఫ్రెంచి పాలనలో 1930లోనే మొదలైంది. ఇప్పుడు దేశమంతటా ఉన్న పీఎం పోషణ్ పథకంలో సరుకుల ఖర్చు ఒక పద్దు. వంట చేసేవారి గౌరవ వేతనం విడిగా ఇంకో పద్దు. ఆ వేతనం చాలా తక్కువ, కేంద్రం ప్రమాణం ప్రకారం నెలకు 1,000 రూపాయలే. అయినా పద్దంటూ ఒకటి ఉంది.

ఇళ్లల్లో ఆ పద్దు లేకపోవడం వల్ల ఏమవుతుందో కేంద్ర గణాంక శాఖ 2019 కాల వినియోగ సర్వే చూపించింది. జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషుల్లో ఆ పనుల్లో పాల్గొనేవారు 97 నిమిషాలు. ఐదేళ్ల తర్వాత, 2024 సర్వేలో స్త్రీల సమయం తగ్గింది దాదాపు పది నిమిషాలే.

మేం మార్చుకున్నది

క్యారేజీ మానేసి మళ్లీ మెస్‌కి వెళ్లడం ఒక దారి. అలా చేస్తే నెలకు 1,530 పోతుంది, నూనె, ఉప్పు మన చేతిలో ఉండవు. పైగా ఆ రెండున్నర గంటల రద్దీలో మళ్లీ పరుగు. క్యారేజీ ఉంచి పని పంచుకోవడం ఇంకో దారి. కాగితం మీద నలుగురి సమయాలూ రాసుకున్నాం. రాయగానే ఒక విషయం బయటపడింది. పిల్లల బస్సు ఎనిమిదింపావుకి. నేను ఇంట్లోంచి కదిలేది తొమ్మిదింపావుకి. నా క్యారేజీ ఏడు లోపల సిద్ధంగా ఉండాల్సిన అవసరమే లేదు! అన్నీ ఒకేసారి అయిపోతే హాయి అని ఆమె ఐదుంబావుకే మొదలుపెట్టేది, నేను గమనించనైనా లేదు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింబావు నుంచి ఇరవై నిమిషాలు నేనూ పెద్దమ్మాయీ మర్నాటి కూరగాయలు తరిగి డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాం. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా వంటగదిలోకి ఎవరూ వెళ్లకూడదు, గదిలో పాఠం జరుగుతుంటుంది. పాలు కాచి, పిల్లల్ని లేపి స్నానాలకు పంపడం నా పని. ఏడు తర్వాత ఆమె పిల్లల బాక్సులు కడుతుంది. బస్సు వెళ్లాక నా వంతు. కుక్కర్‌లో కింద పప్పు, పైగిన్నెలో బియ్యం, పక్క పొయ్యి మీద కూర. పాతిక నిమిషాల పని. నాలుగు గిన్నెల క్యారేజీ అటక ఎక్కింది, రెండు గిన్నెల డబ్బా వచ్చింది.

మొదటి రెండు వారాలు గొప్పగా సాగలేదు. ఒకరోజు పప్పులో ఉప్పు మరిచాను, ఒకరోజు ఉప్పు వేశానో లేదో తెలియక రెండోసారి వేశాను. డబ్బా మూత సరిగ్గా బిగించక మజ్జిగ పులుసు సంచిలో ఒలికి, లోపలున్న కళ్లజోడు డబ్బా నెల రోజులు ఆవాల వాసన కొట్టింది. మా బ్రాంచిలో యానాం నుంచి వచ్చిన క్యాషియర్ ఒకరున్నారు. పుదుచ్చేరిలో కలిసే ఉన్నా ఎనిమిది వందల కిలోమీటర్ల పైన దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు అది. ఆయన నా పప్పు రుచి చూసి, “సార్, రేపటి నుంచి ఆవకాయ నేను తెస్తాను, మీరు పప్పు సంగతి చూసుకోండి” అన్నారు. అప్పటి నుంచి మా బల్ల మీద గోంగూర, వత్తకుళంబు, ఆవకాయ, మాగాయ చేతులు మారుతున్నాయి.

సముద్రపు ఊరి ఉక్కపోతకి అలవాటు చేసుకున్నవి కొన్ని ఉన్నాయి. కొబ్బరి పచ్చడి క్యారేజీలో పెట్టం, త్వరగా పాడవుతుంది. పులిహోర, నిమ్మకాయ అన్నం బాగా నిలుస్తాయి. పెరుగన్నానికి పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక చెంచా వేస్తే మధ్యాహ్నానికి పుల్లబడకుండా తోడుకుంటుంది. పప్పు, కూర వేడి నిలిపే ఇన్సులేటెడ్ డబ్బాలో పొగలు కక్కుతుండగానే సర్దాలి. రాత్రి మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టకపోతే మర్నాడు బాక్సులోకి రావు.

మీ ఇంటి లెక్క ఇలా వేసుకోండి

1. మూడు నెలల బయటి తిండి చెల్లింపులు యూపీఐ చరిత్రలోంచి తీసి కూడండి. గుర్తున్నంత మేరకు వేస్తే తక్కువ వస్తుంది.

2. క్యారేజీకి అదనంగా అయ్యే సరుకు, గ్యాసు మాత్రమే ఖర్చుగా రాయండి. కొత్త డబ్బా, సంచి ఖరీదు ఒక్కసారి ఖర్చు, విడిగా చూపండి.

3. నిజంగా తీసుకెళ్లగలిగే రోజులతోనే గుణించండి. వారానికి ఒకరోజు బయట తినాలనిపిస్తే దాన్ని కూడా ముందే పద్దులో పెట్టండి.

4. ఆ వంటకి ఎవరి సమయం ఎంత పడుతోందో గడియారం చూసి వారం పాటు రాయండి. ఆ సమయంలో వారు ఇంకేం చేసేవారో వారినే అడగండి. సంపాదన కావచ్చు, చదువు కావచ్చు, నిద్ర కావచ్చు. ఊహించి రాయకండి.

5. మిగులు అని తేలిన మొత్తాన్ని జీతం వచ్చిన వెంటనే వేరే ఖాతాకి పంపండి. ఇద్దరి శ్రమతో మిగిలిన డబ్బు కాబట్టి ఏ ఖాతాలో, ఎవరి పేరున అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

ఐదో అంశం మీద మా ఇంట్లో పెద్ద చర్చ జరగలేదు. కొత్తగా తెరిచిన పీపీఎఫ్ ఖాతా మా ఆవిడ పేరునే ఉంది, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ నా జీతం ఖాతా మీద ఉంది. పాత ట్యూషన్ పిల్లల్లో ఇద్దరు వేరే చోట చేరిపోయారు, ముగ్గురే తిరిగి వచ్చారు. నెలకు 2,400. పోయిన ఏడాది ఆదాయం తిరిగి రాదు, దాన్ని నష్టంగానే రాసుకున్నాం.

ఈమధ్య ఆ మెస్ అక్క వాయిదా కట్టడానికి బ్రాంచికి వచ్చింది. “ఏం సార్, భోజనానికి రావడమే మానేశారు?” అని అడిగింది. ఇంట్లో వండుకుంటున్నానన్నాను. “మేడమ్ వంటా?” అంది. ఈసారి నిజమే చెప్పాను, నాదేనని. ఆమె నమ్మలేదు. శుక్రవారం మా బ్రాంచి వాళ్లం అక్కడే తింటాం కాబట్టి, ఈ వారం నా డబ్బా కూడా పట్టుకెళ్లి రుచి చూపిస్తానని మాటిచ్చాను. ఉప్పు సంగతి ముందు మా అమ్మాయి చేత చూపించుకుంటాను.